చెవులుండంగ మిషనెందుకు

గుర్రం కుంటితే కాలుకు అల్ట్రాసౌండ్ స్కానింగు తీస్తరట! మలక్‌పేట రేసు గుర్రాలకంటే సరే, లక్షల సరుకు. మా మనుమడు రాజేంద్రనగర్ల పశువుల డాక్టరు చదువుతున్నడు, బరాత్ గుర్రానికి గూడ తియ్యాలంటడు.

తియ్యిరా అంటే పురాణం మొదలువెట్టిండు. వెంట్రుకలు గొరగాలె, జెల్ పుయ్యాలె, గుర్రం కాలు మీద బరువేసి కదలకుండ నిలవడాలె. బ్యాండు చప్పుడుకే ఎగిరే గుర్రం, నిలవడతదా? మిషను వంకరగ పెడితే మంచి నరం గూడ నల్లగ, తెగినట్టు కనవడతదట. అందుకే రెండో కాలుకు గూడ తీసి పోల్చాలట. సరే, గిట్టల ఏముందో చూడు అన్న. "గిట్ట గట్టిది తాతా, చప్పుడు లోపలికి పోదు, ఎముక లోపల గూడ కనవడది" అన్నడు. ముందర కాలు కుంటుడు శానా వరకు గిట్టకాడనే అని చెప్పింది గూడ వాడే!

మా రోజుల్ల నాలు కొట్టే సాయబు ఉండేటోడు. గుర్రాన్ని నడిపిచ్చి తల చూసేటోడు. నొప్పి ముందరకాలు నేలకు తాకంగనే తల పైకి లేస్తది. గిట్ట మీద చెయ్యివెట్టి వేడి చూసి, సుత్తెతోని మెల్లగ కొట్టి, నొప్పిచ్చిన కాడి మేకు ఊడవీకితే చీము కారేది. సాయబుకు చాయ్ తాపిస్తే చాలు.

అసలు చప్పుడు సంగతి మాకు చెప్తరా? బొగ్గుబాయిల, 11వ ఇంక్లైన్ల సపోర్టు పెట్టేముందు పైకప్పును సబ్బలితోని కొట్టి వినేటోళ్లం. టంగుమంటే గట్టిది, డొల్లగ పలికితే పక్కకు జరుగుడే. ఈ మిషను చప్పుడేమో 75 లక్షల హెర్ట్జ్ అట, మనిషి చెవి 20 వేలకే ఆగిపోతది. వినవడని చప్పుడుతోని ఏం చూస్తవ్‌రా? అంటే వాడేదో అన్నడు, నాకు సరిగ వినవడలే. డ్రిల్లింగు మిషన్ల కాడ చెవులు పోయినయి, అది వేరే ముచ్చట.

ముందుగాల సూదిచ్చి ఒక్కోచోటు మొద్దువార్చాలట, యాడ మొద్దువారితే కుంటుడు ఆగుతదో గక్కడ మిషను పెట్టాలట. అంటే మిషనుకు గూడ తోవ చూపెట్టాలె గదా!

అయితే ఒకటి. నరం వాస్తే సాయబు ఎర్రగ కాల్చిన కడ్డీతోని వాతలు పెట్టేటోడు, గుర్రం అరుపు బజారంత వినవడేది. తర్వాత నెలల కొద్ది పని లేక నిలవడేది. వాతతోని తగ్గిందనుకునేటోళ్లం గని, "అన్ని నెలలు పండవెడితే ఊకెనే తగ్గుతది తాతా" అంటడు వీడు. పోరనికి నోరెక్కువైంది.