ఫుట్‌పాత్ కుటుంబానికి ఇల్లు ఇప్పించడం ఎలా?

ఫ్లైఓవర్ కింద టార్పాలిన్ పట్టా కట్టుకుని ఉంటున్న కుటుంబాన్ని చూసి మీ మనసు కరిగిందా? మంచిదే. కానీ ఇంటి మాట అప్పుడే ఎత్తకండి. ముందు కాగితాలు.

నివాస ధ్రువీకరణ అడగండి. ఇల్లు లేనివాళ్లు ఆ పత్రం ఎక్కణ్నుంచి తెస్తారని పక్కవాళ్లు వాదిస్తారు, వాదించనివ్వండి. ఆ ఇల్లాలు గోనెసంచి అడుగు నుంచి పాలిథిన్ కవరు తీస్తుంది. అందులో ఆధార్ జిరాక్సు, ఊళ్లో రేషన్ కార్డు, పిల్లాడి టీకాల కార్డు, మూడూ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. "వానకు తడిసినయ్ సార్" అంటుంది. "అక్షరాలు కనబడేది పట్టుకురామ్మా" అని పంపేయండి.

ఒక్క సంగతి మాత్రం ఆమె చెవిన పడనీయకండి. ఇల్లు లేనివాళ్లు ఓటరుగా చేరడానికి చిరునామా రుజువు అక్కర్లేదు. ఫారం 6లో పడుకునే చోటు రాస్తే, బూత్ లెవెల్ ఆఫీసరు రాత్రిపూట ఒకటికి రెండుసార్లు వచ్చి చూసుకుని నమోదు చేయాలి. ఎన్నికల సంఘం పెట్టిన పద్ధతే అది. హైదరాబాద్‌లో షోరూములు ఫ్లైఓవర్ పిల్లర్ నంబరునే చిరునామాగా వేసుకుంటాయి నిజమే, కానీ షోరూముల మర్యాద వేరు.

ఈలోగా షెల్టరుకు పంపండి. నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున, రాత్రీపగలూ తెరిచి ఉండే షెల్టర్లు కట్టాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మగవాళ్ల షెల్టరుకు మొగుడు, ఆడవాళ్ల షెల్టరుకు పెళ్లాం. పద్నాలుగేళ్ల కొడుకు ఎటు పోవాలో వాణ్నే తేల్చుకోమనండి. చీకటి పడేసరికి అందరూ మళ్లీ ఫ్లైఓవర్ కిందికే చేరితే "పంపించాం, ఉండట్లేదు" అని రాసుకోండి. ఏ ఫైల్లోనైనా పనికొచ్చే ముక్క అది.

తెలంగాణ సర్కారు ఇందిరమ్మ పథకం కింద ఇల్లు అడిగితే పని ఇంకా తేలిక. ఇస్తామన్న 5 లక్షలు తొలి విడతలో సొంత జాగా ఉన్నవాళ్లకే. "జాగా ఉందా?" అనండి చాలు.

అదృష్టం బాగుండి డబుల్ బెడ్‌రూం ఇళ్ల లాటరీలో పేరొస్తే ఇల్లు ఊరవతల చూపించండి. 2023 జూన్‌లో హైదరాబాద్ శివారు కొల్లూరులో ఒకేచోట 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ప్రారంభించారు. ఇల్లు ముచ్చటగానే ఉంటుంది, 560 చదరపు అడుగులు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన. ఆ ఇంటాయన నిలబడే కూలీ అడ్డా మాత్రం ఊరి నడిబొడ్డున ఉంటుంది. మేస్త్రీలు పొద్దున్నే వచ్చి మనుషుల్ని ఏరుకుపోతారు, బస్సులు మారి వచ్చేవాడి కోసం ఆగరు. ఆమె అంట్లు తోమే ఇళ్లూ అక్కడే, పిల్లల బడీ అక్కడే. మీరు కంగారు పడకండి. అడ్డా కార్మిక శాఖ చూసుకోవాలి, బస్సు ఆర్టీసీ, బడి విద్యాశాఖ. మీది తాళంచెవి, ఫొటో. ఆర్నెల్ల తర్వాత ఆ పక్కకు పోకండి, లిఫ్టు మెయింటెనెన్సు ఎవరు కట్టాలని పట్టుకుంటారు.

ఇంకో రకం మనుషులుంటారు, జాగ్రత్త. పనికి దగ్గర్లో అద్దె గది చూసి, అడ్వాన్సు కట్టి, కొన్నాళ్లు అద్దెకు తోడు నిలబడి, అగ్రిమెంటు చేతికిస్తే గ్యాసు, రేషను, బడి సీటు వాటంతటవే దారిలో పడతాయంటారు. అస్సలు ఒప్పుకోకండి. రిబ్బను ఎక్కడ కడతారు? ఆ సందులోకి ఎమ్మెల్యే గారి కారు కూడా పట్టదు.