మిల్లు నాడె ఆత్మకథ

నేను బొంబాయి బట్టల మిల్లులో నాడెను. గట్టి కర్ర ఒళ్లు, రెండు కొసలా ఇనుప మొనలు. కడుపులో నూలు కండె పెట్టుకుని పడుగు మధ్య అటూ ఇటూ దూసుకుపోతూ పేక వేయడం నా పని. కండె అయిపోతే మగ్గం ఆపి కొత్తది ఎక్కిస్తారు. నా పక్కనున్న చిన్న కంతకు పెదవులు ఆనించి నూలు కొసను బయటికి పీలుస్తారు. తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీలు, కొంకణ మరాఠాలు, ముస్లిం నేతగాళ్లు అందరూ అలా పీల్చినవాళ్లే.

1928లో రెండు మగ్గాలు చూసేవాణ్ని మూడు చూడమన్నారు. అంటే కొందరి కూడు పోతుంది. అది అందరికీ తెలిసిందే. ఏం చేయాలన్న దగ్గరే పేచీ. కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి పక్షం చర్చలు, చట్టం అనేది. తొందరపడి సమ్మెకు దిగితే పస్తులుండేది కూలివాడి పిల్లలేనన్న వాళ్ల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. కమ్యూనిస్టులు డాంగే, మిరాజ్‌కర్‌ల ఎర్రజెండా పక్షం మాత్రం యజమాని లాభం, కూలివాడి బతుకు ఎన్నటికీ పొసగవంది. అహ్మదాబాదులో గాంధీజీ బాటలో నడిచిన మజూర్ మహాజన్ కార్మిక సంఘానిది మరో దారి: యజమాని ధర్మకర్త, తగువు తీర్చాల్సింది మధ్యవర్తి.

ఏప్రిల్‌లో మొదలై అక్టోబరు దాకా సాగిన సమ్మెలో దాదాపు లక్షన్నర మంది ఉన్నారు. మొదట వద్దన్న జోషి కూడా ఎర్రజెండా వాళ్లతో ఒకే సమ్మె కమిటీలో కూర్చున్నారు. మేలో పుట్టిన ఎర్రజెండా వాళ్ల గిర్ణీ కామ్‌గార్ యూనియన్‌లో సభ్యులు ఏడాది చివరికి 50 వేలు దాటారు.

అయితే ఇంతమందిలో దళితులు ఒక్కరూ నన్ను పట్టుకున్నవాళ్లు కారు. వాళ్లను కూలి తక్కువ వచ్చే వడుకు పనిలోనే ఉంచారు. వాళ్ల నోరు తాకిన కంతకు తమ నోరు ఆనించబోమని తోటి కార్మికులే అడ్డుపడ్డారు. శ్రామికులంతా ఒకటేనన్న గొంతులు నా కంత దగ్గర మూగబోయాయి. డాక్టర్ అంబేడ్కర్ గట్టిగా నిలదీశాకే, నేత పనిలోకి దళితులను రానివ్వాలన్న కోరిక సమ్మె కమిటీ జాబితాలో చేరింది, అదీ అయిష్టంగా.

1929లో మళ్లీ సమ్మె పిలుపొస్తే అంబేడ్కర్ వద్దన్నారు. ఎర్రజెండా వాళ్లు దాన్ని ద్రోహమన్నారు. పస్తులు పంచుకోవడానికి రమ్మన్నవాళ్లు నాడెనెందుకు పంచుకోనివ్వలేదని దళిత కార్మికుడు అడిగితే, ఆ ప్రశ్నకు ఏ జెండా దగ్గరా నాకు జవాబు వినపడలేదు.