బుధవారం ఉత్తరానికి పోరాదు

ఆదివారం కొండెక్కడం ఎవరైనా చేస్తారు. ఆ రోజు పొద్దున పెనుకొండ కొండ మీద చూడండి. నరసింహస్వామికి మొక్కు తీర్చుకునేవాళ్లు, కోటగోడ ఆనుకుని ఫొటోలు దిగే కొత్త జంటలు, సైలెన్సర్ పీకేసిన బండ్ల మీద వచ్చి రాయల కాలం బండల మీద తమ ప్రేమను పెయింటుతో ప్రకటించే కుర్రాళ్లు. ఇంతమంది నడుమ హెల్మెట్లు, మోకాలి తొడుగులు కట్టుకుని సైకిళ్లతో ప్రత్యక్షమైతే సర్కస్ దిగిందనుకుంటారు. పైగా ఆదివారం అంటే మా సీమలో మటన్ వారం. పొద్దున్నే అంగడి దగ్గర వరుసలో నిలబడాల్సిన మొగోడు కొండ మీద ఉంటే సంసారాలు నిలబడవు. అందుకని మా బృందం తేల్చింది బుధవారం. పొద్దున ఐదున్నరకు మొదలుపెట్టి, ఎనిమిదిన్నరకల్లా దిగి, తలా ఇంత ఉగ్గాణి బజ్జీ తిని, ఎవరి పనికి వాళ్లు.

కష్టమంతా ఆ "ఎవరి పనికి వాళ్లు" దగ్గరే మొదలైంది.

మావి మూడు ఊళ్లు. దక్షిణాన హిందూపురం, ఉత్తరాన ధర్మవరం, నడుమ పెనుకొండ. మూడూ బెంగళూరు పోయే రైలుమార్గం మీద, దాదాపు ఒకే నిలువుగీతలో ఉంటాయి. 2022 ఏప్రిల్‌లో అనంతపురం జిల్లాను విడదీసి శ్రీ సత్యసాయి జిల్లా చేసినప్పుడు కూడా మూడూ కలిసే ఇటొచ్చాయి. పటంలో చూస్తే ఇంత సులువుగా ఒకచోట చేరే ఊళ్లు ఇంకెక్కడా ఉండవనిపిస్తుంది. పటం గీసినాయనకు పెళ్లిళ్ల సీజను, షిఫ్టు డ్యూటీ, బెల్లం వేలం ఉండవు గదా.

ముందు సైకిలు సంగతి. సెకండ్‌హ్యాండ్ మోటార్‌సైకిల్ ధర పెట్టి కొన్న ఈ మౌంటెన్ బైకుకు స్టాండు లేదు, క్యారియర్ లేదు, మడ్‌గార్డ్ లేదు, బెల్లు లేదు, చైన్‌కవర్ లేదు. లేనివాటికే డబ్బులు ఎక్కువ తీసుకున్నారేమోనని మా ఇంట్లో ఇప్పటికీ అనుమానం. మా వీధి చివర పంచర్లేసే తాత దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి అడిగాడు:

"స్టాండు యాడుందప్పా?"

"ఉండదు తాతా."

"క్యారియరు?"

"అదీ ఉండదు."

"మడ్‌గార్డన్నా..."

"లేదు."

కాసేపు జాలిగా చూసి, గొంతు తగ్గించి, "కేసు పెట్టినావా?" అన్నాడు.

ఆయనది నల్ల అట్లాస్. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం నాడు, సాహిబాబాద్‌లోని అట్లాస్ ఫ్యాక్టరీ మూతపడిందన్న వార్త విన్నప్పటి నుంచి ఆ సైకిల్‌ని ఎండలో పెట్టడం మానేశాడు.

మా అమ్మ ప్రశ్న ఇంకా మౌలికమైనది. "నడిచే బాధ తప్పేదానికి గదా సైకిలు కనిపెట్టినారు. దాన్ని భుజాన మోసుకుని కొండెక్కేదేంది నాయనా?" నేను చరిత్ర చెప్పాను. 1970లలో కాలిఫోర్నియాలో, టమల్‌పైస్ కొండ దగ్గర, కొందరు కుర్రాళ్లు పాతకాలపు బరువు సైకిళ్లను ట్రక్కులో పైకి చేర్చి, మట్టిదారిన కిందికి వదిలేవాళ్లు. 1976లో దానికి పందెమే పెట్టారు. కిందికి చేరేసరికి వెనక హబ్బులో బ్రేకు కాగిపోయి గ్రీజంతా పొగైపోయేది. మళ్లీ గ్రీజు కూరితే గానీ ఇంకోసారి దిగడానికి లేదు. ఆ పిచ్చే ముదిరి ముదిరి 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆటగా చేరింది.

అమ్మ అంతా శ్రద్ధగా వినింది. "ట్రక్కులో ఎక్కించినారు గదా? వాళ్లు తెలివైనోళ్లు" అంది.

ఇక తేదీ. మా బృందంలోని ధర్మవరం అన్నది పట్టుచీరల వ్యాపారం. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, ఆ వెనక దసరా, కార్తీకం మార్గశిరాల్లో పెళ్లిళ్లు, మాఘం నుంచి మళ్లీ పెళ్లిళ్లు. మగ్గం ఆగదు, ఆయన ఫోనూ ఆగదు. మిగిలేది ఆషాఢం, పుష్యం. ఆషాఢంలో మా వైపు గాలి సంగతి తెలిసిందే. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఎదురుగాలిలో పెడల్ ఒక చుట్టు తొక్కితే మనిషి రెండు చుట్లు వెనక్కి ఆలోచిస్తాడు. సరే, పుష్యం అనుకుంటే సంక్రాంతి ముందర హిందూపురం బెల్లం మండీ తమ్ముడికి ఊపిరి తిరగదు. పండగ దాటాక రమ్మంటే చింతపండు మొదలవుతుందంటాడు. వాడి లెక్కలో ఏడాదికి రుతువులు రెండే, తీపి, పులుపు.

పెనుకొండ కుర్రాడి లెక్క వేరు. ఎర్రమంచి దగ్గర 2019లో కియా కార్లు బయటికి రావడం మొదలయ్యాక ఆ చుట్టుపక్కల పొద్దు షిఫ్టు ప్రకారం పొడుస్తోంది. వీడు దానికి సామాన్లు అందించే ఓ చిన్న కంపెనీలో పని. మాకు వీలైన బుధవారం వాడికి నైట్ షిఫ్ట్.

"పర్వాలేదన్నా, షిఫ్టు దిగి నేరుగా కొండకాడికే వస్తా."

"మరి నిద్రపోయేదెప్పుడురా?"

"దిగేటప్పుడు."

ఎప్పుడు పిలిచినా ఖాళీగా ఉండేది మా చరిత్ర సారొక్కరే. హైస్కూలులో రిటైరై పెనుకొండలోనే స్థిరపడ్డారు. తొక్కడంలో మా అందరికంటే గట్టి మనిషి. ఆయనకున్న ఇబ్బందల్లా ప్రతి బండ దగ్గరా ఆగి దాని పూర్వోత్తరాలు చెప్పందే ముందుకు కదలకపోవడం.

ఇన్ని గండాలూ గడిచి ఎట్టకేలకు ఒక బుధవారం కుదిరింది. అప్పుడు మా అమ్మ పంచాంగం తీసింది.

"మంగళ బుధవారాలు ఉత్తరానికి వారశూల. పెనుకొండ మనకు ఉత్తరం గదా?"

"పొద్దున పోయి పది గంటలకు వచ్చేస్తానమ్మా. రాహుకాలం కూడా పన్నెండింటికి గదా."

"వచ్చేది దక్షిణం. దానికి దోషం లేదు. పొయ్యేదానికే."

ఈ సంగతి బృందంలో చెబితే నవ్వుతారనుకున్నాను. ధర్మవరం అన్న నవ్వలేదు. వాళ్లింట్లోనూ అదే పంచాంగం తెరిచారట. వాళ్లు పెనుకొండకు దిగేది దక్షిణంగా కాబట్టి రావడానికి అడ్డం లేదు, తిరిగి పోవడమే ఉత్తరం. పోనీ గురువారం పెట్టుకుందామంటే ఆ రోజు శూల దక్షిణానికి. అంటే వాళ్లు రాలేరు, మేం వెనక్కి పోలేం. శుక్రవారం శూల పడమటికి గనుక మూడు ఊళ్లకూ నిక్షేపంగా సరిపోతుంది. కానీ చీరల కొట్టు వదిలి శుక్రవారం సైకిలెక్కిన మనిషిని ధర్మవరం ఇంతవరకు చూడలేదు, ఇకముందూ చూసే అవకాశం లేదు.

చదువుకున్నవాళ్లం ఇట్లా మాట్లాడుకోవడమేంటని నేను కొంచెం గట్టిగానే అన్నాను. అప్పుడు సారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆయన అద్దాలు తుడిస్తే ఒక రాజవంశం పడిపోతుందని మాకు తెలుసు.

"నవ్వొద్దండప్పా. 1565 జనవరి 23 ఏ వారం?"

ఎవరమూ చెప్పలేదు.

"మంగళవారం. రాక్షసి తంగడి యుద్ధం జరిగింది హంపికి ఏ దిక్కున?"

"కృష్ణ దగ్గర గదా సార్. ఉత్తరాన."

"ఏమైంది?"

ఏమైందో ఆంధ్రదేశంలో చదువుకున్న ప్రతివాడికీ తెలుసు. అళియ రామరాయల తల తెగింది. ఆయన తమ్ముడు తిరుమల రాయలు హంపికి పరుగున వచ్చి, పేరుకు మాత్రమే రాజైన సదాశివరాయల్నీ, ఖజానానూ ఏనుగుల మీద ఎక్కించుకుని ఈ పెనుకొండకే చేరాడు. హంపి పాడుబడింది, ఘనగిరి అనిపించుకున్న ఈ కొండ రాజధానైంది.

"హంపి నుంచి పెనుకొండ దక్షిణం. మంగళ బుధవారాల్లో దక్షిణానికి శూల లేదు. మూటాముల్లెతో సహా క్షేమంగా వచ్చినారా లేదా?"

నేను ఊరుకోలేదు. సుల్తానుల ఫిరంగులున్నాయి, ముసలితనంలో రామరాయలు పల్లకీలో కూర్చుని యుద్ధం నడపడం ఉంది, ఇన్ని కారణాలుండగా పంచాంగం మీద పెడితే ఎట్లా? పైగా సైన్యం హంపిలో కదిలింది ఆ మంగళవారం కాదు గదా, ఎన్నో రోజుల ముందే గదా అన్నాను.

"బయల్దేరింది ఏ రోజో ఎవరు చూసినారప్పా. ఓడిపోయింది మాత్రం మంగళవారమే."

"సార్, అదే రోజు సుల్తానులు దక్షిణానికి వస్తాండారు గదా?" అన్నాడు షిఫ్టు కుర్రాడు.

"వస్తాండారు. గెలిచినారు. నేను చెప్పేదీ అదే."

ఇంత పెద్ద సామ్రాజ్యం సాక్ష్యం చెప్పాక నేనేం వాదించను? కొత్త ప్రణాళిక వేశాం. హిందూపురం వాళ్లకు బుధవారమే కాదు, మంగళవారమూ ఉత్తరం పనికిరాదు. అందుకని సోమవారమే పెనుకొండ చేరాలి. ధర్మవరం వాళ్లు బుధవారం పొద్దున దిగొచ్చు, తిరిగిపోవడం మాత్రం గురువారం. మేం బుధవారం సాయంత్రంలోగా కదలకపోతే గురువారం శూలలో ఇరుక్కుని శుక్రవారం దాకా అక్కడే ఉండాలి. మూడు గంటల సవారీకి నాలుగు రోజుల బస. బస ఎక్కడ అన్న ప్రశ్న వచ్చేసరికి అందరం సారు వైపు చూశాం. ఆయన లోపలికి, వంటింటి వైపు చూశారు. ఆ తర్వాత ఆ సాయంత్రం చరిత్ర ప్రస్తావన రాలేదు.

"పైకెక్కేదానికి శూల ఉంటుందా సార్?" అని కుర్రాడు అడిగాడు గానీ ఆయన వినిపించుకోలేదు.

చివరికి గట్టెక్కించింది మా అమ్మే. నోట్లో బెల్లం ముక్క వేసుకుని గడప దాటితే దోషం ఉండదట. హిందూపురంలో ఏ చిక్కుముడైనా బెల్లం దగ్గరే విడిపోవాలి కాబట్టి నాకు ఆశ్చర్యం కలగలేదు. మండీ తమ్ముడు మొదటిసారి ఈ ప్రయాణం మీద నిజమైన ఆసక్తి చూపించాడు.

ఇంతసేపూ దారి గురించి ఎవరూ మాట్లాడలేదు. దానికోసం సారూ నేనూ ముందుగా ఒకసారి కొండ కిందికి పోయి చూసొచ్చాం. కోట మెట్లు, బురుజులు, గోడలు సైకిలు చక్రాలకు కాదు, అక్కడ నడకే. అడవి శాఖ హద్దుల్లో అడగకుండా అడుగు పెట్టేది లేదు. మిగిలింది కొండ అంచున గొర్రెలు నడిచి నడిచి చేసిన బాటలు. వాటికి పటాలు లేవు. ఉన్న పటమల్లా కర్ర మీద గడ్డం ఆనించి వేపచెట్టు కింద నిలబడి ఉంది.

"ఈ బాట ఎంత దూరం పోతుందన్నా?"

"గొర్రె ఎంత దూరం పోతే అంత."

"చిరతలేమైనా ఉండాయా?"

"ఉంటే మాత్రం, గొర్రెల్ని ఇడిచిపెట్టి మీ సైకిళ్లతో దానికేం పని? ఎలుగొడ్డు అట్లా కాదు. దానికి మనిషైనా ఒకటే, సైకిలైనా ఒకటే. మబ్బులోనే రావద్దండి. బాగా తెల్లారినాక రాండి."

అట్లా ఐదున్నర కాస్తా ఆరున్నరైంది. ఆయన మాటను మా ఫోన్లలోని ఏ పటం కంటే గట్టిగా నమ్మాను. ఎందుకంటే ముళ్ల సంగతి చెప్పిందీ ఆయనే. పల్లేరుకాయ ఎట్లా పడినా ఒక ముల్లు ఆకాశం వైపే ఉంటుంది. టైరుకు ఇంతకంటే నమ్మకమైన శత్రువు లేదు. దానికి తోడు కంపచెట్టు. ఆ సర్కారు తుమ్మ పుట్టిందీ అమెరికా ఖండాల్లోనే, మౌంటెన్ బైకు పుట్టిందీ అక్కడే. ఇన్ని సముద్రాలు దాటొచ్చి రెండూ కలుసుకునేది పెనుకొండ మండలంలో. ట్యూబ్ తీసేసి టైరులో తెల్లటి జిగురు మందు పోస్తే చిన్న ముళ్ల కంతలు వాటంతటవే పూడుకుంటాయని కుర్రాడు చెప్పాడు. పంచర్ తాతకు ఆ మాట చెబితే, "మా పొట్ట కొట్టేదానికి కనిపెట్టినారు" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

సైకిళ్లు చేర్చడం ఒక్కటే మిగిలింది. రైల్లో అయితే లగేజీ బుక్ చెయ్యాలి, పైగా మాకు కావలసిన వేళకు రైలు ఉండాలి. సోమందేపల్లి మీదుగా తొక్కుకుంటూ పోతే పెనుకొండ చేరేసరికి కొండతో పని ఉండదు. అందుకే మండీకి సరుకు తోలే టాటా ఏస్ మాట్లాడాం. కాలిఫోర్నియా కుర్రాళ్లు కూడా ట్రక్కే వాడారు గదా అని అమ్మ గుర్తు చేసింది.

ఏస్ పెనుకొండ దాకా పోతోందన్న సంగతి వీధిలో తెలిసింది. సోమందేపల్లి పెద్దమ్మకు చింతపండు బస్తా. పెనుకొండలో సారు ఇంటికి బెల్లం, నాలుగు రోజుల ఆలోచన పెట్టినందుకు పరిహారంగా కొంచెం ఎక్కువే. బాబయ్య దర్గాలో చదివించడానికి పక్కింటి బీబమ్మ ఇచ్చిన చక్కెర. ధర్మవరం అన్నకు, పోయిన పెళ్లిలో రంగు నచ్చక వెనక్కి వచ్చిన చీరల మూట. మా అక్కకు ఊరుబిండి జాడీ, అది ఒలకకుండా ఆనించడానికి పరుపు. ఎవరికీ కాదనలేకపోయాను. స్టాండూ క్యారియరూ లేని సైకిలుకు జనం ఇచ్చే మర్యాద ఎంతో, నాలుగు చక్రాల బండికి ఇచ్చేది ఎంతో ఆ రోజు తెలిసింది.

మంగళవారం రాత్రి తొమ్మిదింటికి డ్రైవర్ ఫోన్ చేశాడు.

"అన్నా, సామాన్లన్నీ ఎక్కించినాం. తాడు కూడా కట్టేసినాం. సైకిళ్లొకటే పట్టలా. రేప్పొద్దున ఇంకో ట్రిప్పు ఏసేదా, లేకుంటే శనివారం ఖాళీ బండి పోతాది, దాంట్లో పంపించేదా?"

నేను నోరు తెరిచేలోపే లోపలి గదిలోంచి అమ్మ గొంతు వినిపించింది.

"శనివారం శూల తూర్పుకు. మీకు అడ్డం లేదు, పంపమని చెప్పు."