డ్రైవరు బావగారు

"రాత్రంతా చూశానండి, డ్రైవరు ఎక్కలేదు" అని మా బావగారు టీకొట్టు దగ్గర వాపోయారు. అన్నవరం ప్రయాణం ఆగిపోయిందేమోనని పక్కాయన జాలిపడి, తనకి తెలిసిన కుర్రాణ్ణి పంపుతానన్నాడు. బావగారికి కారు లేదు. ఉన్నదల్లా లైనక్సు పెట్టిన కంప్యూటరూ, అందులో ఓ గ్రాఫిక్స్ కార్డూ. ఎక్కనిది ఆ కార్డుని నడిపించే ప్రోగ్రాము.

ఇలాంటివారు రాజమండ్రిలో పేటకొకరుంటారు. విండోస్ పేరెత్తితే మైలపడినట్టు చూస్తారు. మా బావగారు ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు. ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కల్లా లేపేశాడని ఇప్పటికీ మురిసిపోతారు. ఆయన డ్రైవరు మాత్రం 2015 పుష్కరాల్లో మొదలైంది. వచ్చే పుష్కరాలకి అయిపోతుందంటున్నారు.

నాది దానవాయిపేటలో పెళ్ళివీడియోల షాపు. ఎడిటింగు మిషను నత్తలా నడుస్తోందని ఆయన దగ్గర నోరు జారాను. మర్నాడు షాపు తీసేసరికి పెన్‌డ్రైవుతో గుమ్మంలో ఉన్నారు.

"అరగంట పనోయ్!"

లైనక్సు ఎక్కించడం నిజంగా అరగంటే. కథంతా ఆ తరవాతే. అందులో నూవో అనే డ్రైవరు ముందే ఉంటుంది. కార్డు చేసిన ఎన్విడియా వాళ్ళు గుట్టు విప్పకపోతే, కార్డు నడక చూసి చూసి బయటివాళ్ళు రాసుకున్నదది. బొమ్మ చూపిస్తుంది గానీ పరుగెత్తదు. దాన్ని సాగనంపి కంపెనీ డ్రైవరుని తేవాలి. ఇద్దరూ ఒక కొంపలో ఉండరు. వచ్చినదాన్ని లైనక్సుకి గుండెకాయలాంటి కెర్నల్‌కి అతికించాలి. కెర్నల్ మారితే అతుకు ఊడుతుంది. కార్డు పాతదైతే మరీను: కొత్త డ్రైవరు దాని మొహం చూడదు, చూసే పాత డ్రైవరుని కొత్త కెర్నల్ గడప తొక్కనివ్వదు. అన్నీ కుదిరి జాతకాల దగ్గర తప్పిపోయిన సంబంధమన్నమాట.

తెర నల్లబడింది. బావగారి మొహం వెలిగింది.

"ఎంత బాగా వచ్చిందో చూశావా!"

"ఏదండీ?"

"ఎర్రరు."

కంట్రోలు, ఆల్టు, ఎఫ్3 కలిపి నొక్కి, తెల్లక్షరాలు ఒక్కొక్క వరసా పైకి చదువుతారు. నేను వ్రతకథ వింటున్నట్టు చేతులు కట్టుకుని కూచోవాలి. ప్రసాదం రోజ్‌మిల్కు, నా ఖర్చు మీద.

2012లో ఫిన్లాండులో లైనక్సు పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ ఎన్విడియాకి మధ్యవేలు చూపించిన ఘట్టమైతే, ముందు వరసలో తానే కూచున్నట్టు చెబుతారు. 2022లో ఆ కంపెనీయే డ్రైవరులో కెర్నల్ భాగం కోడు బయటపెట్టేసరికి పాపం బాగా దిగాలుపడ్డారు. పదేళ్ళు తిట్టుకున్న తిట్టు కదండీ! అది కొత్త తరాల కార్డులకేనని తెలిశాక గానీ ఆయనకి అన్నం సయించలేదు.

నాలుగోరోజు మధ్యాహ్నం డ్రైవరు ఎక్కేసింది. నేను ఎగిరి గంతేశాను. బావగారు ఉలకలేదు, పలకలేదు. కూతుర్ని అత్తారింటికి పంపిన తండ్రిలా కాసేపు తెరకేసి చూశారు.

"ఇంకేముంది చెయ్యడానికి?" అన్నారు.

నేను భోజనానికెళ్ళి వచ్చేలోగా కొత్త కెర్నల్ ఎక్కించేశారు. తెర నల్లగా ఉంది. బావగారు ఈల వేసుకుంటున్నారు.

మండపేట వాళ్ళ పెళ్ళివీడియో ఇంకా ఇవ్వలేదు. మొన్న ఆ అమ్మాయి సీమంతానికి పిలిస్తే వెళ్ళొచ్చాను. కెమెరా వేరేవాళ్ళకి చెప్పారు.