శిల్పి చేతి స్ప్లింటు ఆత్మకథ

నేను పుట్టినది నంద్యాలలో, ఒక చికిత్సాగృహపు వేడినీటి తొట్టిలో. అంతకు పూర్వము నేను 3 మిల్లీమీటర్ల మందము గల తెల్లని ప్లాస్టిక్ పలకను మాత్రమే. 65, 70 డిగ్రీల వేడి సోకగానే నా కాఠిన్యమంతయు సడలిపోగా, ఆక్యుపేషనల్ థెరపిస్టు నన్ను తువాలుపై ఆర్చి, కాగితముపై ముందుగా గీచియుంచుకొన్న ఆకృతి ననుసరించి కత్తిరించి, ఎదుట కూర్చున్న ఆళ్ళగడ్డ శిల్పి కుడి ముంజేతిపై పరచి, మరల గట్టిపడువరకు అదిమి పట్టుకొనెను. ఆమె కొలతలలోని వివేకము చెప్పుకొనదగినది. వ్రేళ్ళు నిరాటంకముగా ముడుచుకొనుటకై నా అంచును అరచేతి గీతకు ఈవలనే నిలిపినది; బొటనవ్రేలి మూలమును స్వేచ్ఛగా విడిచినది; మణికట్టును మాత్రము ఎటును వంగనీయక తిన్నగా నిలుపు భారమును నాపై మోపినది.

ఆళ్ళగడ్డ నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున, కడప రహదారిపై, అహోబిలమునకు మరలు చోట నున్నది. అచ్చటి షెడ్లలో నల్లరాయి నందిగా, గరుత్మంతుడుగా, ద్వారపాలకుడుగా రూపుదాల్చి దేశదేశముల ఆలయములకు తరలిపోవును. నా యజమాని బాల్యమునుండి ఆ పనిలో చేయి తిరిగినవాడు. అట్టివాని చేతినుండి సుత్తి జారిపడజొచ్చెను. చొక్కా గుండీ పెట్టుకొనుటకు ఇల్లాలి సాయము కావలసివచ్చెను. ఇంటివారు వాతమనుకొని చాలకాలము నూనెలు మర్దించిరి. తుదకు అతడు థెరపిస్టు నొద్దకు వచ్చెను.

"రేత్రి మెలకువొస్తాదమ్మా. చెయ్యంతా తిమ్మిరెక్కి మంట. విదిలించుకుంటే గాని మళ్లా నిద్ర పట్టదు."

"చిటికెన వేలికి కూడా ఉందా, ఆచారిగారూ?"

"దానికేం ల్యాదమ్మా. ఈ మూడిటికే. ఉంగరం వేలికి సగం."

చిటికెనవ్రేలిని విడిచిపెట్టిన తిమ్మిరి యనగానే ఆమెకు మీడియన్ నరముపై అనుమానము కలిగెను. రెండు చేతుల వెలుపలి వైపులను ఒకదాని కొకటి ఆనించి, మణికట్లు వంచి, ఒక నిమిషముపాటు ఉంచుమనగా, ఆ నిమిషము నిండకమునుపే తిమ్మిరి వ్రేళ్ళ కెక్కినది. మణికట్టునందు ఎనిమిది చిన్న ఎముకలు క్రిందను, దృఢమైన స్నాయుబంధము పైనను కూడి ఒక సొరంగమును ఏర్పరచును. వ్రేళ్ళను ముడుచు తొమ్మిది స్నాయువులును, ఈ నరమును, బ్రహ్మోత్సవమునాటి గుడివాకిట జనమువలె, ఆ ఇరుకులోనుండియే సాగిపోవలెను. స్నాయువుల పొరలు ఉబ్బినచో మెత్తనిదగు నరమే నలిగిపోవును. 1981లో అమెరికాలో గెల్బర్మన్ బృందము ఆ సొరంగములోని ఒత్తిడిని కొలిచి చూడగా, ఆరోగ్యవంతులలో అది 2.5 మిల్లీమీటర్ల పాదరసము, రోగులలో 32. రోగి మణికట్టు లోనికి వంగినపుడు 94, వెనుకకు వంగినపుడు 110. నన్ను తిన్నగా మలచుటలోని రహస్యమంతయు ఈ అంకెలలో నున్నది. నిద్రలో మనిషి తెలియకయే మణికట్టును ముడుచుకొనును గనుక నా కొలువు ముఖ్యముగా రాత్రివేళ.

పని మానివేయుమని చెప్పుట ఎవరికైనను సులభము. కాని ఉలి విడిచిన శిల్పికి చేయి బాగుపడి ప్రయోజనమేమి? మనదేశమున 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్కర్ గారు పాఠశాల నెలకొల్పిన ఈ ఆక్యుపేషనల్ థెరపీ విద్యకు, మనిషిని అతని పనికి మరల చేర్చుటయే పరమార్థము. కావుననే మా థెరపిస్టు శిల్పి సుత్తిని తెప్పించి చూచినది. సన్నని పిడికి మెత్తని పట్టీ చుట్టి లావుచేసినది. మణికట్టు వంగకుండునట్లు రాతిని ఎత్తైన దిమ్మెపై నిలుపుమన్నది. చేతిని అదరగొట్టు గ్రైండరును కొంతసేపు కుమారునికి వదలి, మధ్యమధ్య విశ్రాంతి తీసికొనుమన్నది. వ్రేళ్ళను నిటారుగా చాచి, పిదప కొనలు మాత్రము వంచి, పిదప పిడికిలి బిగించి స్నాయువులను జారించు వ్యాయామమును నేర్పినది.

నాకు ఎండయన్న భయము. ఒక వేసవి మధ్యాహ్నమున అతని ఇల్లాలు నన్ను కడిగి నల్లరాతిపై ఆరవేయగా నా అంచు మెత్తబడి వంకరపోయినది. అతడు మరల నంద్యాలకు బస్సెక్కవలసివచ్చెను. థెరపిస్టు కోపగించుకొనక నన్ను మరల వేడినీటిలో ముంచి సరిచేసి, "నీడనే ఆరబెట్టండి, అక్కా" అని ఇల్లాలికి ఫోనులో చెప్పినది.

ఇపుడు రాత్రులు అతడు తెల్లవారువరకు నిద్రించుచున్నాడు. వ్రేలికొనల మొద్దుతనము ఇంకను పూర్తిగా పోలేదు. బొటనవ్రేలి మూలమున కండ కరుగుట ఆరంభమైనచో నావంటిదానితో పని తీరదు. నరముల పరీక్ష చేయించి, ఆ స్నాయుబంధమును కోయు శస్త్రచికిత్సకు పంపవలెనని ఆమె ముందే చెప్పియున్నది. అందుచేత వచ్చినపుడెల్ల మొదట ఆ కండను నొక్కి చూచును. నిన్న చూచి తృప్తిపడి, ఉలి పట్టు ఎడమచేతిని గూడ చాపుమన్నది. అందును తిమ్మిరి మొదలైనదట. కాగితముపై ఆ చేతి ఆకృతిని గీచి, తొట్టిలో నీరు కాచుటకు స్విచ్చి వేసినది.