మనకు నొప్పి లేకుండా పిల్లల నొప్పి పాఠం

బీఎస్సీ నర్సింగ్ పిల్లలకు చైల్డ్ హెల్త్ నర్సింగ్ చెప్పే పని మీకు పడింది. అందులో పిల్లల నొప్పి గురించిన పాఠాన్ని ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ పద్ధతిలో చెప్పమని ప్రిన్సిపాల్ గారు మీటింగ్‌లో అందరి ముందూ అన్నారు. కంగారు పడకండి. ఇంత సుఖమైన పద్ధతి మన వృత్తిలోకి ఇంతవరకు రాలేదు. 2007లో అమెరికాలోని కొలరాడోలో, ఉడ్‌ల్యాండ్ పార్క్ హైస్కూల్లో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ మాస్టర్లు క్లాసు తప్పిపోయిన పిల్లల కోసం పాఠాలు వీడియో తీశారు. ఈ పద్ధతికి పేరు తెచ్చింది అదే. పాఠం ఇంటి దగ్గర వినాలి, క్లాసుకొచ్చి టీచర్ పక్కనుండగా చేసి నేర్చుకోవాలి. మొదటి సగం చాలా మంచిది, ఉంచుకోండి. రెండో సగం వదిలించుకునే దారి కింద చెబుతున్నాను.

1. వీడియో మీరు తీయకండి. ఎవరో తీసింది, గంట దాటినది, మాట సరిగా వినపడనిది ఒకటి వెతకండి. రాత్రి పదకొండున్నరకు బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టి, ‘రేపు ఎనిమిదింటికి డిస్కషన్, అందరూ చూసి రావాలి’ అని రాయండి. పది నిమిషాల వీడియో తీసి చివర రెండు ప్రశ్నలు పెట్టే పొరపాటు మాత్రం చేయకండి. చిన్న వీడియోను పిల్లలు చూసేస్తారు. చూసినవాళ్ళు సందేహాలతో వస్తారు. ఆ పూట మీకు కూర్చునే వీలుండదు. నీలం టిక్కులు పడగానే స్క్రీన్‌షాట్ తీసి ఫైల్లో పెట్టుకోండి. ఇన్‌స్పెక్షన్‌కి అదే సాక్ష్యం.

2. పొద్దున క్లాసులోకి వెళ్ళగానే గట్టిగా “అందరూ చూశారా?” అని అడగండి. “చూశాం మేడమ్” అని గది మొత్తం ఒక్క గొంతుతో అంటుంది. పేరు పెట్టి ఎవర్నీ అడగకండి. అడిగితే మళ్ళీ పాఠం మీరే చెప్పాల్సి వస్తుంది. అటెండెన్స్ తీసుకోండి. సిలబస్ రిజిస్టర్లో ‘కంప్లీటెడ్’ అని రాసేయండి. ఇక మిగిలిన గంట మీది.

3. ఆ గంటలో చార్టులు చేయించండి. ఈ చిట్కా దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మన పాఠం మొత్తాన్నీ మింగేయగల శక్తి చార్టుకే ఉంది. సిలబస్‌లో నొప్పి కొలిచే స్కేళ్ళు ఉన్నాయి. ఫ్లాక్ స్కేల్ తీసుకోండి. ముఖం, కాళ్ళు, కదలికలు, ఏడుపు, ఓదారిస్తే ఊరుకుంటున్నాడా లేదా అనేవి ఐదు అంశాలు. ఒక్కోదానికి 0 నుంచి 2, మొత్తం 10. మాటలు రాని పసివాళ్ళ కోసం చేసింది. దీన్ని నిజంగా నేర్పాలంటే పిల్లల వార్డులో మంచం పక్కన నిలబెట్టి, కాన్యులా పెట్టించుకున్న బిడ్డను ఇద్దరు విద్యార్థినులకు విడివిడిగా చూపించి, ఒకరు 4 అని మరొకరు 7 అని ఎందుకు వేశారో మాట్లాడించాలి. ఆ వాదనలోనే స్కేలు వంటబడుతుంది. కానీ దానికి మీరు పక్కనే నిలబడి ఉండాలి. అందుకని థర్మాకోల్ షీటు, గ్లిట్టర్ పెన్నులు తెమ్మనండి. వాంగ్-బేకర్ ముఖాల స్కేలుకి ఆరు ముఖాలు గీయాలి. నవ్వే ముఖం 0, కన్నీళ్ళ ముఖం 10. ఇది అలంకారానికి మహా బాగా పనికొస్తుంది. బాగా గీసిన గ్రూపుకి పది మార్కులివ్వండి. ఏ ముఖం తనదో పిల్లవాడే వేలు పెట్టి చూపించాలన్న సంగతి చార్టు మీద కింద మూలన చిన్న అక్షరాల్లో ఉండనివ్వండి. వార్డుకెళ్ళాక మన విద్యార్థిని తనే పిల్లాడి మొహం చూసి ఒక ముఖం ఎంచుకుంటుంది. అలాగే ఎంచుకోనివ్వండి, చాలా సమయం కలిసొస్తుంది.

గ్రూపుకి పన్నెండు మందిని వేయండి. ఒకరు గీస్తారు, ఒకరు రంగులు వేస్తారు, పది మంది ఫోన్లు చూసుకుంటారు. గది ప్రశాంతంగా ఉంటుంది.

4. చరిత్ర జోలికి పోకండి. 1980ల దాకా నెలలు నిండని శిశువులకు నొప్పి అంతగా తెలియదనుకుని, కదలకుండా మందిచ్చి, నొప్పికి చాలీచాలని మందుతో ఆపరేషన్లు చేసేవారు. ఇండోర్‌లో డాక్టరీ చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళిన కన్వల్‌జీత్ ఆనంద్, తోటివారితో కలిసి 1987లో లాన్సెట్ పత్రికలో చూపించాడు: ఆపరేషన్‌లో ఫెంటనిల్ అనే నొప్పి మందు కూడా ఇచ్చిన శిశువుల ఒంట్లో ఒత్తిడి తక్కువ, తర్వాత వచ్చే ఇబ్బందులూ తక్కువ. ఈ మాట చెప్పారంటే వెనక బెంచీ పిల్లలు కూడా తలెత్తుతారు. “మేడమ్, మరి మన వార్డులో మడమ గుచ్చి రక్తం తీసేటప్పుడు ఏమిస్తున్నాం?” అని ఒకమ్మాయి అడిగి తీరుతుంది. దానికి మీ దగ్గర సాకు లేదు. అందుకని ఆ చరిత్రను పీపీటీలో ఆఖరి స్లైడ్ దాటాక, ‘థాంక్యూ’ తర్వాత పెట్టండి.

5. మందుల సీసాలు క్లాసులోకి తేకండి. ఇది ప్రాణప్రదమైన సలహా. పది కేజీల బిడ్డకి కేజీకి 15 మిల్లీగ్రాముల లెక్కన పారాసెటమాల్ 150 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకి 100 ఉన్న డ్రాప్స్ అయితే ఒకటిన్నర మిల్లీలీటర్లు, 5 మిల్లీలీటర్లకు 120 ఉన్న సిరప్ అయితే ఆరుంపావు, 250 ఉన్నదైతే మూడు. మూడు సీసాలు బల్ల మీద పెట్టి, సిరంజిలోకి తీసి చూపించమంటే సగం మంది తడబడతారు. ఆ తడబాటు మీ కళ్ళ ముందు జరిగితే మీరే దిద్దాలి. రేపు వార్డులో జరిగితే అది నైట్ డ్యూటీ వాళ్ళ సంగతి. కేర్ ప్లాన్‌లో ‘డాక్టరు చెప్పిన ప్రకారం మందు ఇవ్వబడింది’ అని ఒక్క వాక్యం నేర్పండి. దానిలో లెక్క లేదు కాబట్టి తప్పూ ఉండదు.

పక్కనే ఎస్ఓఎస్ (అవసరమైతేనే ఇవ్వాలి) అన్న మూడక్షరాలు కూడా నేర్పండి. ఆపరేషన్ అయిన బిడ్డకి మొదటి రోజున గడియారం చూసి వేళకి మందు ఇవ్వాలంటే ఎవరో ఒకరు గడియారం చూడాలి. ఎస్ఓఎస్ అని ఉంటే తల్లి వచ్చి మూడుసార్లు అడిగేదాకా ఎవరూ కదలక్కర్లేదు.

6. స్కిల్ ల్యాబ్‌లో బిడ్డ బొమ్మకు తొడిగిన ప్లాస్టిక్ కవరు తీయకండి. తాళం సెలవులో ఉన్న మేడమ్ దగ్గరుందని చెప్పండి.

7. క్లినికల్ పోస్టింగ్‌కి ఒకే ఒక్క వాక్యం ఇచ్చి పంపండి: “ఏం కాదు నాన్నా, చీమ కుట్టినట్టుంటుంది, అంతే.” అన్ని వయసులకీ, అన్ని సూదులకీ ఇది సరిపోతుంది. మొదటిసారి పిల్లవాడు నమ్ముతాడు. రెండోసారి తెల్ల యూనిఫాం కనపడగానే మంచం కిందకు దూరతాడు. అప్పుడు నలుగురు కాళ్ళూ చేతులూ పట్టుకుంటే పని అవుతుంది. ఇంకా మొరాయిస్తే “ఏడిస్తే ఇంకో సూది వేస్తా” అనాలి. ఐదేళ్ళు దాటిన మగపిల్లాడైతే “మగాడివి, ఏడుస్తావా?” అని అదనంగా అనొచ్చు. నొప్పిగా ఉంటుంది, అయిపోగానే చెబుతాను, అమ్మ ఒళ్ళో కూర్చో, ఈ బుడగలు ఊదు అని చెప్పే పద్ధతి కూడా ఉంది. అందులో మాటలు ఎక్కువ.

8. సాకులు ముందే సర్ది పెట్టుకోండి. సూది వేసే చోట పూసే మత్తు క్రీముకి: “గంట ముందు పూయాలమ్మా, అంత టైమ్ ఎక్కడుంది?” పసిబిడ్డ నాలుక మీద రెండు నిమిషాల ముందు వేసే 24 శాతం పంచదార ద్రావణానికి: “ఇండెంట్ పెట్టాం, స్టాక్ రాలేదు.” చిక్కల్లా తల్లిపాలతోనే. సూది వేసేటప్పుడు పాలు తాగుతున్న బిడ్డకి నొప్పి తగ్గుతుందని అన్ని పుస్తకాల్లోనూ ఉంది, దానికి ఇండెంట్ లేదు, స్టాక్ అయిపోదు, ఖర్చు లేదు. ఏ సాకూ అతకదు. కాబట్టి తల్లిని ముందుగానే బయటికి పంపేయండి. “నువ్వుంటే ఎక్కువ ఏడుస్తాడమ్మా” అంటే మారు మాట్లాడకుండా వెళ్తుంది.

9. ఫలితం కాగితం మీద ఘనంగా రావాలి. ప్రీ టెస్ట్ మధ్యాహ్నం ఒంటిగంటకు, మెస్ గంట కొట్టే ముందు పెట్టండి. ఆకలితో ఏదో ఒకటి టిక్కు పెట్టేస్తారు. అవే ప్రశ్నలకు జవాబులు గ్రూపులో పెట్టి, తెల్లారి పోస్ట్ టెస్ట్ పెట్టండి. మార్కులు ఎగిరి గంతేస్తాయి. పీ వాల్యూ 0.05 కన్నా కింద పడుతుంది. ‘ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ ప్రభావం’ అని పోస్టరు వేయండి, ఎమ్మెస్సీ విద్యార్థిని దొరికితే థీసిస్ కూడా వేయించండి. నెల తర్వాత వార్డులో ఎవరైనా స్కేలు వాడుతున్నారా, బిడ్డకు మందు వేళకి అందిందా అన్నది మాత్రం కొలవకండి. అక్కడ అంకెలు మన మాట వినవు.

10. నొప్పి కాలమ్‌కి ఒక సూత్రం చెప్పి ఉంచండి: పడుకున్న పిల్లాడు 0, ఆడుకుంటున్న పిల్లాడు 0, గోడవైపు తిరిగి కదలకుండా ఉన్న పిల్లాడు 0. నొప్పితో అలసి నిద్రపోవచ్చని, కదిలితే నొప్పి అని బిగుసుకుని ఉండొచ్చని పాఠంలో ఉంది, నిజమే. పాఠం వచ్చి చార్టు నింపదు కదా. షిఫ్టు మొదట్లోనే ఎనిమిది గంటలకూ ఒకేసారి సున్నాలు వేసేస్తే చేతిరాత కూడా ఒకేలా ఉంటుంది.

11. ఎంత జాగ్రత్తపడినా బ్యాచ్‌లో ఒకమ్మాయి వీడియో మొత్తం చూస్తుంది. హెర్నియా ఆపరేషన్ అయిన రెండేళ్ళ పిల్లాడి పక్కన కూర్చుని, ముఖం 2, కాళ్ళు 1, కదలికలు 1, ఏడుపు 2, ఓదార్పు 1 అని లెక్కేసి 7 అని రాసి, డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేయమని సిస్టర్ వెంట పడుతుంది. ఆ అమ్మాయిని తిట్టకండి, తిడితే ప్రిన్సిపాల్ దాకా పోతుంది. “చాలా బాగా చేశావమ్మా” అని మెచ్చుకుని, మర్నాటి నుంచి లినెన్ లెక్కకు వేయండి. చార్టులు ఇకమీదట పెన్సిల్‌తో రాయాలని అందరికీ చెప్పండి. రౌండ్స్‌కి ముందు 7ని 2 చేయడానికి ఒక రబ్బరు చాలు, నర్సింగ్ స్టేషన్ డ్రాయర్లో ఎప్పుడూ ఉంచుకోండి.