కాశీలో వదిలేసి వచ్చింది

కాశీకి వెళ్ళినవాళ్ళు ఇష్టమైనది ఏదో ఒకటి అక్కడ వదిలేసి రావాలన్నది మనవాళ్ళ ఆనవాయితీ. తెలివైనవాళ్ళు కాకరకాయ వదిలేస్తారు. ఇంకా తెలివైనవాళ్ళు ఏకాదశి ఉపవాసం వదిలేస్తారు. ‘కల్కి 2898 ఏడీ’ బృందం కథను వదిలేసి వచ్చింది. సినిమాలో కాశీ దగ్గర గంగ ఎండిపోయి ఉంటుంది కదా, వదిలింది ఎక్కడో అక్కడే పైకి కనబడకపోతుందా అని మూడు గంటలు కళ్ళు చిట్లించుకుని చూశాను.

2024 జూన్ 27న వచ్చిన ఈ సినిమాకి ఆరువందల కోట్లు ఖర్చయిందని చెప్పుకున్నారు. వెయ్యి కోట్లు దాటిందని పోస్టర్లు వేశారు. వెయ్యి కోట్లు వచ్చాక కథేదని అడగడం, పెళ్ళి అయిపోయి విస్తళ్ళు ఎత్తేశాక ముహూర్తం బాగా లేదనడం లాంటిదని నాకూ తెలుసు. అయినా కాలమ్ రాసేవాడికి వేరే పనేముంది?

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. కురుక్షేత్రంతో మొదలుపెట్టిన ఆ కాసేపూ ఒళ్ళు జలదరిస్తుంది. ఉత్తర గర్భం మీద అస్త్రం వేసిన అశ్వత్థామ, ముఖం కనబడని కృష్ణుడు, చావులేని శాపం. ఎవరికి ఏం కావాలో, ఎవరు దేనికి ఏడుస్తున్నారో అన్నీ తెలుస్తాయి. తెలియకేం, అది వ్యాసుడి స్క్రీన్‌ప్లే. ఎనభై దాటిన అమితాబ్ బచ్చన్ నిలబడితే చాలు, పక్కనున్న గ్రాఫిక్స్ అంతా చిన్నబోయింది.

వ్యాసుడు సెలవు తీసుకున్న దగ్గర్నుంచీ మొదలవుతుంది అసలు కరువు. కాశీ నగరం నెత్తిన తలకిందుల పిరమిడ్‌లా ‘కాంప్లెక్స్’ వేలాడుతుంటుంది. నీళ్ళు, తిండి, పచ్చదనం అన్నీ పైకి లాగేసుకుంటుంది, కింద జనానికి దుమ్ము మిగులుస్తుంది. దర్శకుడు నాగ్ అశ్విన్ దీన్ని ఊహించి రాశారో, షూటింగ్‌లో కళ్ళారా చూసే రాశారో చెప్పలేను. సెట్లు, గ్రాఫిక్స్, ఆయుధాలు, ఎగిరే బళ్ళు అన్నీ పై అంతస్తులో కూర్చుని రసమంతా పీల్చేసుకుంటే, పాపం పాత్రలు కింద దుమ్ములో గిన్నె పట్టుకుని నిలబడ్డాయి. కాంప్లెక్సులోకి పోవాలంటే పది లక్షల యూనిట్లు కట్టాలట. రెండు తెలుగు ప్రభుత్వాలూ టికెట్ రేట్లు పెంచుకోమన్న ఆ వారం, ఇంటిల్లిపాదినీ మల్టీప్లెక్సుకి తీసుకెళ్ళినవాళ్ళు ఈ ఒక్క పాయింటుకి మాత్రం బాగా కనెక్ట్ అయ్యారు.

హీరో భైరవ కోరిక ఆ పది లక్షల యూనిట్లే. ఎందుకు? పైకి వెళ్ళడానికి. పైకి ఎందుకు? కింద బాగాలేదు కాబట్టి. ఇంతకన్నా అడిగితే ఫైటు వస్తుంది. ఆయన కారు బుజ్జి సంగతి వేరు. దాని కోసం మహీంద్రా ఇంజనీర్లు, కోయంబత్తూరు జయం కంపెనీ వాళ్ళు చెమటోడ్చి ఆరు టన్నుల బండిని నిజంగానే తయారుచేసి రోడ్డెక్కించారు. కీర్తి సురేష్ గొంతిచ్చారు. సినిమా కంటే ముందే ఓటీటీలో యానిమేషన్ సిరీస్ వచ్చింది. అన్ని చేతులు పడ్డాయి గనకే బుజ్జికి అలక ఉంది, వెటకారం ఉంది, స్వభావం ఉంది. భైరవ పాత్రని బిగించడానికే కోయంబత్తూరులో ఎవరూ ఖాళీగా దొరకలేదు. చివర్లో అశ్వత్థామ కర్రని చేత పట్టుకోగానే భైరవ కర్ణుడని తేలుతుంది. ఈ జన్మలో పాత్ర రాయడం కుదరకపోతే పూర్వజన్మ ఎప్పుడూ ఉండనే ఉంది.

మధ్యలో చుట్టాలొచ్చారు. రాజమౌళి వచ్చారు, రాంగోపాల్ వర్మ వచ్చారు, దుల్కర్ వచ్చారు, మృణాల్ వచ్చారు, అనుదీప్ వచ్చారు, అర్జునుడిగా విజయ్ దేవరకొండ వచ్చారు. ఒక్కొక్కరికీ ఈలలు, కాగితాలు. విలన్ సుప్రీమ్ యాస్కిన్‌గా కమల్ హాసన్ కూడా అతిథుల వరసలోనే కనిపించి, గాండీవం ఎత్తి, మిగతాది తర్వాత మాట్లాడుకుందామన్నట్టు వెళ్ళిపోయారు. విలన్‌కి ఏం కావాలో తెలియడానికి రెండో భాగం దాకా ఆగాలి.

అభిమానులు ఊరుకుంటారా? ‘హాలీవుడ్ వాడు తీస్తే నోరు తెరుచుకుని చూస్తావు, మనోడు తీస్తే లాజిక్ అడుగుతావు’ అంటారు. అబద్ధం. నోరు ఇక్కడా తెరుచుకునే ఉంది. ఫస్టాఫ్‌లో కాసేపు ఆశ్చర్యంతో, మిగతా అంతా ఆవలింతతో. అయినా మనకి ఇది కొత్తేమీ కాదు. 1991లో ‘ఆదిత్య 369’ టైమ్ మెషిన్‌ని ఇవాళ చూస్తే అట్టముక్కలు కనబడొచ్చు గానీ, ఆ కథ పదేళ్ళ పిల్లాడు కూడా ఒక్క గుక్కలో చెప్తాడు. ఆ సినిమా తీసిన సింగీతం శ్రీనివాసరావు గారే ఈ సినిమాకి మార్గదర్శకులు. ఆయన్ని కూర్చోబెట్టుకుని కూడా కథ దగ్గర పొదుపు చేశారంటే గుండె ధైర్యమే.

లెక్కల్లో మాత్రం లోటు లేదు. సినిమావాళ్ళ లెక్కలో మహాభారత కాలం క్రీస్తుపూర్వం 3102. దానికి 2898 కలిపితే ఆరువేల ఏళ్ళు. అంత కచ్చితంగా పంచాంగం చూసినవాళ్ళు, నీళ్ళు లేని కాశీలో జనం ఏం తాగి అంత ఉత్సాహంగా కొట్టుకుంటున్నారో మాత్రం చూసుకోలేదు.

ఇక సుమతి. దేవుణ్ణి మోస్తున్న తల్లి. దీపికా పదుకొణె లాంటి నటికి ఇచ్చిన పనల్లా కడుపు పట్టుకుని భయంగా చూడటం, ఒకసారి మంటల్లోంచి నడిచి రావడం. ఆమె ఎవరు, ఏం అనుకుంటోంది, ఆ బిడ్డ ఆమెకి కావాలా వద్దా, ఆమెకి ఆశ్రయమిచ్చిన శంబలలో అంతమంది చేతులు జోడించారు గానీ ఒక్కరూ అడగలేదు. 2025 సెప్టెంబరులో నిర్మాణ సంస్థ వైజయంతీ మూవీస్ ఒక ప్రకటన చేసింది: సీక్వెల్‌లో దీపిక ఉండరు.

అంటే ప్రస్తుతం పరిస్థితి ఇదీ. కల్కి ఇంకా పుట్టలేదు, తల్లి వెళ్ళిపోయింది. అశ్వత్థామకి పర్వాలేదు, ఆరువేల ఏళ్ళుగా ఆగినవాడు ఇంకో నాలుగేళ్ళు ఆగగలడు. నిర్మాతలు మాత్రం బుజ్జికి కొత్త టైర్లు వేయించే ముందు బిడ్డ ఎవరి కడుపున పడుతుందో తేల్చుకుంటే మంచిది.